అండంలో ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఏదో జవాబు మధ్యలో "తల్లి అండంలో క్రోమోజోములను అటూ ఇటూ చేర్చేది మోటార్ ప్రొటీన్లు" అని ఒక్క వాక్యం రాసి ముందుకెళ్ళిపోయాను. ఉత్తరాలన్నీ ఆ ఒక్క వాక్యం పట్టుకునే వచ్చాయి. షుగరు, మోకాళ్ళ నొప్పులు అడిగినవాళ్ళు ఈసారికి ఓపిక పట్టండి, వచ్చే నెల మీకే.

"అయ్యవారూ, మోటారంటే మాకు బోరు మోటారు తెలుసు. ప్రొటీన్ అంటే గుడ్డులో, పప్పులో ఉండేది. ఈ రెండూ కలిసి మోటార్ ప్రొటీన్ ఎట్లయింది? అది నిజంగా కదులుతుందా, లేక ఊరికే పేరా?"
(ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ విద్యార్థిని, పుత్తూరు)

నిజంగానే కదులుతుందమ్మా. కదలడం కూడా కాదు, నడుస్తుంది. బోరు మోటారుకు కరెంటు ఎలాగో దీనికి ఏటీపీ అలాగ. మీ పుస్తకంలో శక్తి నాణెం అని రాసుంటుందే, అదే. కైనెసిన్ అనే మోటారుకు రెండు కాళ్ళున్నట్టు ఉంటాయి, ఒక ఏటీపీ ఖర్చు పెడితే ఒక అడుగు పడుతుంది, ఒకటి దారిని పట్టుకుని ఉండగా రెండోది ముందుకొచ్చి పట్టుకుంటుంది. (సైంటిస్టులు వాటిని కాళ్ళు అనరు, తలలు అంటారు. తలలతో నడిచేవాళ్ళని నేను ఇక్కడే చూశాను.) ఒక్కో అడుగు 8 నానోమీటర్లు.

ఎనిమిది నానోమీటర్లంటే ఎంత అని అడుగుతావు కాబట్టి అలిపిరి లెక్క చెప్తాను. అలిపిరి నుంచి కొండమీదికి 3,550 మెట్లు. కైనెసిన్ కూడా మొక్కుకుని సరిగ్గా 3,550 అడుగులు వేసిందనుకో, అది వెళ్ళే దూరం 28,400 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో దాదాపు ముప్ఫై అయిదో వంతు. మనిషి అండం అడ్డంగా కొలిస్తే సుమారు 0.12 మిల్లీమీటర్లు. అన్ని మెట్లెక్కినా అండంలో పావు దూరం కూడా దాటలేదన్నమాట. వేగం మాత్రం మామూలుగా లేదు, సరుకు మోసే కైనెసిన్ సెకనుకు వంద అడుగుల దాకా వేస్తుంది. కాకపోతే సుమారు వంద అడుగులకే పట్టు జారి దారిలోంచి పడిపోతుంది, అంటే పాదాల మండపం దాటిన కాసేపటికే! అందుకే కణంలో ఒకటి కాదు, గుంపులుగా పనిచేస్తాయి.

దారి అన్నాను కదా, వాటిని సూక్ష్మనాళికలు అంటారు. సన్నటి బోలు గొట్టాలు, ఒక కొన ప్లస్, ఒక కొన మైనస్. కైనెసిన్లలో చాలావరకు ప్లస్ వైపు నడుస్తాయి, డైనీన్ అనే ఇంకో మోటారు మైనస్ వైపు నడుస్తుంది. తిరుమలకు ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగే ఘాట్ రోడ్డు వేరు, కణంలో మాత్రం ఎక్కేవాళ్ళకూ దిగేవాళ్ళకూ ఒకటే రోడ్డు. మూడోది మయోసిన్, దాని దారి వేరే, ఆక్టిన్ అనే పోగుల మీద నడుస్తుంది. నువ్వు ఈ ఉత్తరం రాసినప్పుడు నీ వేళ్ళను కదిలించింది అదే.

డైనీన్‌కు పేరు పెట్టింది 1965లో, కైనెసిన్ దొరికింది 1985లో, అదీ సముద్రంలో ఉండే స్క్విడ్ అనే జీవి నరంలో. నేను డిగ్రీ చదివేటప్పటికి కైనెసిన్ అనే మాటే లేదు.

ఇక కండె సంగతి. నీది పుత్తూరు కాబట్టి నీకు సులువు. కణ విభజన పాఠంలో "కండె పరికరం" అని బట్టీ పడతారు, నగరి, పుత్తూరు మగ్గాల దగ్గర నాడెలో పెట్టే కండె చూసిన పిల్లలు కూడా ఆ రెండింటినీ కలిపి చూడరు. మధ్యలో లావు, రెండు కొసలూ సన్నం, ఒళ్ళంతా దారాలు. కణం విభజన చెందేటప్పుడు సూక్ష్మనాళికలు చేరి కట్టుకునే ఆకారం అదే. దాన్ని కట్టేదీ, బిగించేదీ, మధ్యలో క్రోమోజోములను వరసగా నిలబెట్టేదీ మోటార్లు.

"సార్, నాకు 37. రెండుసార్లు గర్భం పోయింది. రెండోసారి పరీక్ష చేయిస్తే 16వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువుందన్నారు, అండంలోనే తేడా వచ్చి ఉంటుందన్నారు. మా అత్తమ్మేమో నేను ఆ నెలలో కొండకు నడిచి వెళ్ళినందుకే అంటుంది. ఇప్పుడు ఐవీఎఫ్‌కు వెళ్ళమంటున్నారు. అండంలో తేడా అంటే నాలో ఏం లోపం సార్?"
(పేరు వద్దన్న పాఠకురాలు, తిరుపతి)

అమ్మా, ముందు కొండ సంగతి తేల్చేద్దాం. 16వ క్రోమోజోమ్ ఎక్కువ కావడమనేది గర్భస్రావాల్లో చాలా తరచుగా కనబడేదే, దాదాపు ప్రతిసారీ ఆ తేడా తల్లి అండం మొదటి విభజనలో వస్తుంది. ఆ విభజన ఎప్పుడు జరుగుతుందో తెలుసా? అండం విడుదలయ్యే ముందు గంటల్లో. అంటే భర్త కణం అండాన్ని చేరకముందే, మీకు గర్భం అని తెలియడానికి రెండు మూడు వారాల ముందే అంతా అయిపోయింది. ఆ తర్వాత మీరు కొండకు నడిచినా, బస్సులో వెళ్ళినా, ఇంట్లో మంచం దిగకుండా పడుకున్నా ఆ పదహారో క్రోమోజోమ్ లెక్క మారదు. ఈ పేరా వరకు అత్తమ్మకు చదివి వినిపించండి.

ఇప్పుడు "నాలో ఏం లోపం" అన్నదానికి వస్తాను, ఇది కొంచెం పొడుగు.

మీ అండాలన్నీ మీరు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడే తయారయ్యాయి. అయిదో నెలకు అరవై డెబ్భై లక్షలు, పుట్టేసరికి పది ఇరవై లక్షలు, పెద్దమనిషి అయ్యేసరికి మూడు నాలుగు లక్షలు, అందులో జీవితం మొత్తం మీద బయటికొచ్చేవి నాలుగైదు వందలు. తయారైన అండం తన విభజన మొదలుపెట్టి మధ్యలో ఆపేసి కూర్చుంటుంది. తల్లి నుంచి వచ్చిన క్రోమోజోమూ తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోమూ జంటగా అతుక్కుని, 23 జంటలు, అలాగే ఏళ్ళ తరబడి. మీ విషయంలో 37 ఏళ్ళు. ఆ జంటలను పట్టి ఉంచేది కొహీసిన్ అనే ప్రొటీన్ కట్టు. ఎలుకల్లో చూసినదాని ప్రకారం ఆ కట్టు పుట్టకముందు వేసిందే, మళ్ళీ కొత్తది వేయరు. అటక మీద కట్టిపెట్టిన మూటకు పురికొస నానాటికీ పట్టు తప్పినట్టు అదీ సడలుతుంది. వయసు పెరిగితే తేడాలు ఎక్కువ అవుతాయనడానికి పెద్ద కారణం ఇదే.

కానీ ఇరవై అయిదేళ్ళ అమ్మాయిల అండాల్లో కూడా ఈ తేడాలు తక్కువేం కాదు, మనిషిలో మిగతా జంతువుల కంటే ఎక్కువే. ఎందుకు? ఇక్కడే మోటార్లు వస్తాయి.

మామూలు కణంలో కండెకు రెండు కొసల్లో రెండు సెంట్రోసోములుంటాయి, రెండు గుంజలు పాతి మధ్యలో దారాలు కట్టినట్టు. అండంలో ఆ గుంజలే లేవు. (నేను ముప్ఫై ఏళ్ళు బోర్డు మీద కణ విభజన బొమ్మ గీశాను, ప్రతిసారీ రెండు కొసల్లో రెండు సెంట్రియోళ్ళు, అంటే సెంట్రోసోము నడుమ ఉండే ముక్కలు, పెట్టి. "జంతు కణాలన్నిటికీ ఇంతే రాసుకోండి" అని కూడా చెప్పాను. ఒకసారి ఒక పిల్ల లేచి "అండానికీ ఇంతేనా సార్" అంటే "అంతే, కూర్చో" అన్నాను. ఆ పిల్ల ఎక్కడుందో గానీ, అంతే కాదమ్మా.) గుంజలు లేకుండా కండె నిలబడాలంటే మోటార్లే దిక్కు. క్రోమోజోముల చుట్టూ సూక్ష్మనాళికలు అడ్డదిడ్డంగా మొలుస్తాయి. కైనెసిన్-5 అనే మోటారుకు రెండు చివర్లా తలలుంటాయి, ఎదురెదురుగా ఉన్న రెండు దారులను రెండు పక్కలా పట్టుకుని ఒకదాన్నుంచి ఒకదాన్ని దూరంగా నెడుతుంది. చాలా నిదానం మనిషి ఇది, సరుకు మోసే కైనెసిన్ పరుగుతో పోల్చే పనే లేదు, కానీ బలం ఉంది. డైనీన్ వచ్చి దారాల కొసలను ముడిచినట్టు ఒకచోటికి లాగుతుంది. అలా నెట్టడం, లాగడం మధ్య రెండు కొసల కండె ఏర్పడుతుంది.

మామూలు కణంలో ఈ పని అరగంటలో అయిపోతుంది. 2015లో మెలీనా షూ అనే శాస్త్రవేత్త బృందం బతికున్న మనిషి అండాలను మైక్రోస్కోపు కింద గంటల తరబడి గమనించి చూస్తే, కండె కట్టడానికి సుమారు 16 గంటలు పట్టింది! పైగా కట్టాక కూడా నిలవదు. చాలా అండాల్లో రెండు కొసలున్న కండె కాసేపటికి మూడు కొసలై, మళ్ళీ సర్దుకుని, మళ్ళీ చెదిరి, ఇలా గుంజాటన పడింది. అంత గుంజాటనలో ఒక క్రోమోజోమ్‌ను రెండు వైపుల నుంచీ దారాలు పట్టుకున్నా, ఒక జంట విడిపోకుండా ఒకే వైపు వెళ్ళిపోయినా ఆశ్చర్యం ఏముంది. మామూలు కణాల్లో ఇలాంటి తప్పు జరిగితే పని ఆపించే కాపలా గట్టిగా ఉంటుంది, అండంలో ఆ కాపలా కూడా కొంచెం మెతక.

ఐవీఎఫ్‌కు వెళ్తే మీకే తెలుస్తుంది, ట్రిగ్గర్ ఇంజెక్షన్ రాత్రి ఫలానా టైముకే వేసుకోవాలని ఒకటికి పదిసార్లు చెప్తారు, వేసుకున్న 34 నుంచి 36 గంటలకు అండాలు తీస్తారు. ఆ గంటలు ఈ పనికే. ఏళ్ళ తరబడి ఆగిన విభజన ఆ ఇంజెక్షన్‌తో మొదలై, కండె కట్టుకుని, సగం క్రోమోజోములు ఒక చిన్న ముద్దగా పక్కకు వెళ్ళిపోవాలి. దాన్ని పోలార్ బాడీ అంటారు. అది కనబడితేనే ఆ అండం పక్వమైందని ల్యాబ్‌లో లెక్కేస్తారు.

కాబట్టి మీ ప్రశ్నకు జవాబు ఇది. లోపం మీలో ఒక్కరిలో లేదు, మనిషి అండం కట్టుబడిలోనే ఉంది. రెండుసార్లు పోయింది కాబట్టి మీకూ మీ ఆయనకూ ఒకసారి క్రోమోజోమ్ పరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి, ఎందుకంటే అరుదుగా తల్లిదండ్రుల్లో ఒకరి క్రోమోజోము ముక్క చోటు మారి ఉండొచ్చు. అయితే ఆ పరీక్ష ఇద్దరికీ జరగాలి. మీ ఒక్కరికే రాసిస్తే ఎందుకని అడగండి.

"మాది పలమనేరు పక్కన పల్లె. మా సీమావు ఎనిమిదో ఈత ఈనింది, ఏ ఇబ్బందీ లేదు. మనుషులకే ఎందుకప్పా ఇంత తంటా?"
(పాడి రైతు)

పై ఉత్తరం రాసినామెకు మీ ప్రశ్న చూపించాలనిపించిందన్నా, ఎందుకంటే సరిగ్గా ఈ ప్రశ్నే షూ బృందం కూడా వేసుకుంది. అప్పటికి ఆమె జర్మనీలోని గోటింగెన్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థలో ఉన్నారు. మనిషి అండాన్ని ఆవు, పంది, ఎలుక అండాలతో పక్కపక్కన పెట్టి చూశారు. ఆ మూడింటిలో కండె నిలకడగా ఉంది. ఆవుకు 60 క్రోమోజోములు, మనకు 46. లెక్క ఆవుకే ఎక్కువ, చెదిరేది మాత్రం మన కండె.

తేడా ఎక్కడుందని వెతికితే ఒక మోటారు దగ్గర తేలింది. దాని పేరు కేఐఎఫ్‌సీ1. కైనెసిన్ కుటుంబంలో పుట్టింది కానీ అందరూ ఒకవైపు పోతే ఇది ఎదురు నడుస్తుంది, మైనస్ వైపు. పక్కపక్క దారాలను జడలాగా దగ్గరకు పట్టి ఉంచడం దీని పని. ఆవు, పంది, ఎలుక అండాల్లో ఇది పుష్కలంగా ఉంది, మనిషి అండంలో లేనట్టే. సరే, లేనందుకేనా చెదిరేది అని రెండు రకాలుగా పరీక్షించారు. ఎలుక, ఆవు అండాల్లోంచి దాన్ని తీసేస్తే వాటి కండెలు కూడా మనిషి అండంలోలాగే మూడు నాలుగు కొసలుగా చెదిరిపోయాయి. తిరగేసి మనిషి అండంలోకి బయటినుంచి కేఐఎఫ్‌సీ1ను పంపిస్తే కండె చాలా మేరకు నిలబడింది. ఈ ఫలితం 2022లో అచ్చయింది. ఆ మనిషి అండాలు చికిత్సకు పనికిరాకుండా మిగిలిపోయినవి, ఆ స్త్రీలు ఒప్పుకుని ఇచ్చినవి.

ఇది ఇంకా ల్యాబ్ పనే, మందుగా ఏ ఆసుపత్రిలోనూ లేదు. ఎవరైనా "మా దగ్గర ఉంది" అంటే వెనక్కి చూడకుండా బయటికి రండి.

మీ సీమావుకు కూడా వయసు మీద పడితే అండాలు తగ్గుతాయి, అది వేరే కథ. కానీ ఆ ఎనిమిది ఈతల వెనక కేఐఎఫ్‌సీ1 చెయ్యి కొంత ఉంది, దానా ఒక్కటే కాదు.

"అంతా ఆడవాళ్ళ అండం గురించే రాస్తారు. మగవాళ్ళ తరఫున మోటార్లేమీ లేవా?"
(చిత్తూరు నుంచి ఒకరు)

లేకేం! మగకణం తోక ఆడేదే డైనీన్ వల్ల. పుట్టుకతో ఆ డైనీన్ సరిగ్గా లేని మగవాళ్ళలో కణాలు ఉన్నా కదలవు, వాళ్ళకే తరచూ జలుబు, ఊపిరితిత్తుల్లో కఫం సమస్యలు కూడా ఉంటాయి, ఎందుకంటే శ్వాసనాళంలో కఫాన్ని పైకి తోసే సన్నటి రోమాలు ఆడేదీ డైనీన్‌తోనే. ఏళ్ళకేళ్ళు దగ్గు, పిల్లలు లేకపోవడం, రెండూ కలిసి ఉంటే డాక్టరుకు రెండూ చెప్పాలి.

ఇంకో సంగతి. అండంలో గుంజలు లేవన్నాను కదా, మనుషుల్లో ఆ గుంజకు కావాల్సిన సెంట్రియోల్‌ను తెచ్చేది మగకణమే. అది లోపలికి రాగానే దాని చుట్టూ సూక్ష్మనాళికలు నక్షత్రంలాగా మొలుస్తాయి, వాటి మీద డైనీన్ నడిచి అండం కేంద్రకాన్ని మగ కేంద్రకం దగ్గరికి లాక్కొస్తుంది. పెళ్ళికూతుర్ని బుట్టలో మేనమామ మోసుకొచ్చినట్టు. అయితే ఎలుకల్లో మగకణం ఆ సెంట్రియోల్ తేదు. ఎలుకలో చూసిందంతా మనిషికి అంటగట్టకూడదనడానికి నేను చెప్పే ఉదాహరణ ఇదే.

"అండం రెండుగా చీలితే రెండూ సమానంగా ఉండాలి కదా. ఒకటి పెద్దది, ఒకటి చిన్న ముద్ద ఎందుకు?"
(బీఎస్సీ విద్యార్థి, శ్రీకాళహస్తి)

ఎందుకంటే తిండి అంతా ఒకదానికే కావాలి నాయనా. పిండం మొదటి రోజులు గడిచేది అండంలో దాచిన సరుకుతోనే, సగం పంచితే రెండూ చెడతాయి. అందుకే కండెను నడి అండంలోంచి గోడ దగ్గరికి తరలించి అక్కడ కోస్తారు, కోసిన ముక్క చిన్నదవుతుంది. ఎలుక అండంలో ఈ తరలింపు సూక్ష్మనాళికల మీద జరగదు, ఆక్టిన్ పోగుల వల మీద జరుగుతుంది. ఆ వలను అల్లేవాటిలో ఫార్మిన్-2 ఒకటి. అది లేని ఎలుకల్లో కండె నడిమధ్యే ఉండిపోయిందని, వాటికి పిల్లలు బాగా తగ్గిపోయారని 2002లోనే చూపించారు. మయోసిన్-5 మోటార్లు చిన్న సంచులను అంచు వైపు లాక్కెళ్తూ ఆ వలను కదిలిస్తాయి, చివర్న ఇంకో మయోసిన్ మెడ దగ్గర ఉచ్చు బిగించినట్టు బిగించి ముద్దను వేరు చేస్తుంది.

"ప్రొటీన్ పౌడర్ తాగితే మోటార్ ప్రొటీన్లు పెరుగుతాయా?"
(రేణిగుంట)

పెరగవు. ఏ ప్రొటీన్ తిన్నా కడుపులో ముక్కలై అమైనో ఆమ్లాలుగానే లోపలికి వెళ్తుంది. బస్సు విడిభాగాలు కొని మింగితే బస్సు నడవదు.

"మా చెల్లెలికి షుగరు మొదలైంది. పెరట్లో బిళ్ళగన్నేరు ఆకు రోజూ పరగడుపున నములుతోంది. పిల్లల కోసం చూస్తున్నారు. పర్వాలేదా?"
(చంద్రగిరి)

పర్వా ఉంది. ఈ రోజే మాన్పించండి. బిళ్ళగన్నేరులోంచి తీసిందే విన్‌క్రిస్టీన్, విన్‌బ్లాస్టీన్, రెండూ క్యాన్సర్ మందులు. పిల్లల రక్త క్యాన్సర్‌లో విన్‌క్రిస్టీన్ ఎంతో మేలు చేసింది, కానీ అది చేసే పనేమిటి? సూక్ష్మనాళికలు కట్టుకోకుండా అడ్డుపడుతుంది. దారే లేకపోతే మోటారు ఎక్కడ నడుస్తుంది, కండె ఎలా కడుతుంది? క్యాన్సర్ కణం విభజన అలా ఆగిపోతుంది. (మోటారునే ఆపేవి కూడా ఉన్నాయి. 1999లో మొనాస్ట్రాల్ అనే పదార్థం కైనెసిన్-5ను ఆపితే కండె రెండు కొసలుగా విడిపోలేక ఒకే చుక్క చుట్టూ నక్షత్రంలా ఆగిపోయింది.) ఆసుపత్రిలో ఆ మందు మిల్లీగ్రాముల్లో కొలిచి, నరానికి ఎక్కించి, రక్తపరీక్షలు చూసుకుంటూ ఇస్తారు. పెరట్లో ఆకులో ఏది ఎంతుందో కొలిచేవాళ్ళెవరు? గర్భం కోసం చూస్తున్నవాళ్ళు, గర్భిణులు దాని జోలికి అసలు పోకూడదు. షుగరుకు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, పిల్లల కోసం చూస్తున్నామని ముందే చెప్పండి, దాన్నిబట్టి మందు మారుస్తారు.

"ఇదంతా మా కాలేజీ మైక్రోస్కోపులో చూడొచ్చా అయ్యవారూ?"
(పైన మొదటి ప్రశ్న అడిగిన పుత్తూరు అమ్మాయే, రెండో కాగితం మీద)

మోటార్లు కనబడవు, అంత చిన్నవి. అండాలూ దొరకవు. కానీ గుంజలు లేకుండా కండె కట్టే కణం ఇంకోటి మీ వంటింట్లోనే ఉంది, ఎర్రగడ్డ. మొక్క కణాలకు కూడా సెంట్రియోళ్ళు ఉండవు. చిన్న ఎర్రగడ్డ తీసుకుని ఎండిన పాత వేర్లు గీకేసి, అడుగు మాత్రం నీళ్ళకు తగిలేలా గ్లాసు మీద కూర్చోబెట్టు. రెండు మూడు రోజుల్లో తెల్లటి వేర్లు వస్తాయి. ఉదయం పూట కొస రెండు మిల్లీమీటర్లు కత్తిరించి మీ ల్యాబ్‌లో ఎసిటోకార్మిన్ వేయించి, గాజుపలక మధ్య బొటనవేలితో నలుపు. గులాబీ రంగు క్రోమోజోములు నడుమ వరసగా నిలబడిన కణం ఒకటైనా దొరుకుతుంది. దారాలు కనబడవు, క్రోమోజోములు నిలబడిన తీరును బట్టి కండె ఎక్కడుందో నువ్వే గీసుకోవాలి. వేరు మొదలు కత్తిరిస్తే ఏమీ కనబడదు, విభజనంతా కొసలోనే.